నాలుగో ఫోను

పోయిన వారం తబితను మనం ఒక మూగ ఫోను ఎదురుగా వదిలి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

కథను మధ్యలో అందుకున్నవారి కోసం నాలుగు ముక్కలు. నర్సాపురంలో సంపూర్ణ లేసు హౌస్ అంటే రెండు గదులు, ఒక వరండా. అత్తగారు సంపూర్ణమ్మ మొదలుపెట్టింది, కోడలు తబిత నడుపుతోంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అల్లిన లేసు వీళ్ళ చేతుల మీదుగా ఇటలీ దాకా పోతుంది. ఊరూరా ఆ లేసు పోగుచేసి తెచ్చే ఏజెంట్లలో నాగదుర్గ ఒకతె. ఆరు వారాల క్రితం పాలకొల్లులో దొరబాబు ఐసు ఫ్యాక్టరీ వెనక, కాలువగట్టున, లారీ డ్రైవరు లోవరాజు తలను నీళ్ళలో అదిమిపట్టిన చేతులు ఎవరివో చూసిన మనిషి ఆమె ఒక్కతే. ఐసు పెట్టెల అడుగున దొంగతనంగా పోతున్న యానాం మందు సీసాలు ఎవరివో లోవరాజు నలుగురిలో నోరు జారాడు. అతను చేసిన తప్పు అదొక్కటే.

సోమవారం ఉదయం నాగదుర్గ కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అంతవరకూ బతికి ఉండాలి.

అందుకే ఆమెను గోదావరి దాటించి, సఖినేటిపల్లి రేవుకు దగ్గర్లో రత్తమ్మ అనే పాత ఏజెంటు ఇంట్లో దాచారు. ఆ సంగతి అత్తాకోడళ్ళకు తప్ప మూడో మనిషికి తెలియదు. సరుకు ఓడకెక్కించడానికి చెన్నై వెళ్ళిన తబిత భర్త శ్యాంబాబుకు కూడా చెప్పలేదు. ఎవరి చెవిన వేసినా ఆ మాట అరగంటలో దొరబాబుకు చేరుతోంది మరి.

రోజూ పదింటికి నాగదుర్గ రేవు దాకా నడిచి వచ్చి, సిగ్నల్ అందే చోట నిలబడి, లేసు హౌస్ నంబరుకు ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. రెండు రింగులు. ఎవరూ ఎత్తరు. క్షేమంగా ఉన్నానని అర్థం. వెంటవెంటనే మూడు మిస్డ్ కాల్స్ వస్తే, వచ్చి తీసుకుపొమ్మని అర్థం.

పద్దెనిమిది రోజులు ఆ ఫోను పదింటికి మోగింది. పందొమ్మిదో రోజు, ఈ శనివారం, మోగలేదు. ఇప్పుడు టైము పదీ ఇరవై అయిదు.

"బ్యాలెన్స్ అయిపోయిందేమో అత్తయ్యా," అంది తబిత.

"మిస్డ్ కాల్‌కి రూపాయి బ్యాలెన్సుంటే చాలు. మొన్నే పది రూపాయల కార్డు వేయించాను." సంపూర్ణమ్మ తల ఎత్తలేదు. డెబ్బై ఏళ్ళ ఆ వేళ్ళ మధ్య లేసు సూది చకచకా ఆడుతోంది. భయం వేసినకొద్దీ ఆవిడ చేతులు వేగం అందుకుంటాయి. ఇంట్లో అందరికీ తెలిసిన గుట్టు అది.

"సిగ్నల్ లేదేమో."

"అమ్మాయ్, నాగదుర్గ సంగతి అలా ఉంచు. పొద్దుటినుంచీ నీకు ఎవరి మిస్డ్ కాలైనా వచ్చిందా?"

తబిత గోడ వంక చూసింది. అక్కడ సంపూర్ణమ్మ పలక వేలాడుతోంది. లేసు హౌస్‌కు ఫోను పెట్టిన నాటి నుంచీ వ్యాపారమంతా ఆ పలక మీదే నడుస్తోంది. ఏజెంటమ్మ ఒక మిస్డ్ కాల్ ఇస్తే ముక్కలు సిద్ధం అని. రెండిస్తే దారం అయిపోయిందని. ఫోనుకున్న చిన్న అద్దంలో నంబరు చూసి, సంపూర్ణమ్మ పలక మీద ఊరి పేరు, దాని పక్కన గీతలు వేస్తుంది. ఎవరికీ పైసా ఖర్చు లేదు. శనివారం పది దాటేసరికి ఆ పలక మీద పదిహేను ఊళ్ళైనా ఉంటాయి.

ఇవాళ పలక నల్లగా ఉంది. ఒక్క గీత లేదు.

నాగదుర్గ ఒక్కతే ఆగిపోలేదు. పదిహేను ఊళ్ళూ ఒక్కసారే మూగబోయాయి. అంటే తప్పు ఊళ్ళలో లేదు. ఈ బల్ల మీదే ఉంది.

బల్ల మీద నిగనిగలాడే నల్ల ఫోను ఉంది. అలాంటిదే ప్యాకింగ్ గదిలో ఒకటి, వరండాలో ఒకటి. మూడూ నిన్న సాయంత్రం బిగించినవి. పాత ఎర్ర ఫోను న్యూస్‌పేపర్లో చుట్టి బల్ల కింద పెట్టారు.

తబిత తన సెల్‌ఫోను తీసి లేసు హౌస్ నంబరు నొక్కింది. బల్ల మీది ఫోను వంక చూస్తూ, మోగుతుందని ఎదురుచూసింది.

అది మోగలేదు. చెవిలో మాత్రం ఒక్క రింగైనా పూర్తికాకుండానే ఒక ఆడపిల్ల గొంతు తేనె కారుతూ పలికింది. "నమస్కారం. సంపూర్ణ లేసు హౌస్‌కి స్వాగతం. ఆర్డర్ల కోసం ఒకటి నొక్కండి. ఎగుమతుల కోసం రెండు నొక్కండి. ఏదీ నొక్కకపోతే లైన్లోనే ఉండండి."

తబిత గబుక్కున కట్ చేసింది.

"ఎత్తేస్తోంది అత్తయ్యా," అంది. "మిషను ఎత్తేస్తోంది. ప్రతి మిస్డ్ కాల్‌నీ."

సంపూర్ణమ్మ చేతిలో సూది ఆగింది. ఆ చేతులు ఆగడం తబిత పన్నెండేళ్ళ కాపురంలో చూడలేదు.

* * *

తప్పు తనదే. రెండు వారాల క్రితం ఇదే బల్ల దగ్గర ఎంచుకుంది తనే.

ఇటలీకి ఫోను చేస్తే నిమిషానికి అయ్యే ఖర్చు చూసి కళ్ళు తిరుగుతున్న రోజుల్లో, ఇంటర్నెట్ ఫోను అమ్ముకుంటూ పాలకొల్లు నుంచి ఉదయభాస్కర్ అనే కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏడేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మాటకు రెండుసార్లు 'అండి'. రెండు పద్ధతులు చూపించాడు. మొదటిదాంట్లో మొత్తం మిషను ఇక్కడే, లేసు హౌస్‌లోనే ఉంటుంది. ఎవరెవరు ఎప్పుడు మాట్లాడారో, ఏం మాట్లాడారో అంతా మన గోడల మధ్యే. ఖరీదెక్కువ. చెడిపోతే బాగుచేయించుకోవాల్సింది మనమే. రెండోదాంట్లో ఇక్కడ ఫోన్లూ, అరచేతి వెడల్పు బూడిదరంగు డబ్బా ఒకటీ మాత్రమే ఉంటాయి. అసలు మిషను పాలకొల్లులో ఉదయభాస్కర్ ఆఫీసులో ఉంటుంది. ఇక్కడి కాల్స్ అన్నీ బ్రాడ్‌బ్యాండ్ మీద అక్కడికి వెళ్ళి తిరిగొస్తాయి. నెలకింతని కడితే చాలు. స్వాగతం చెప్పే గొంతు ఉచితం. ప్రతి కాల్ రికార్డవుతుంది కాబట్టి, 'నేను అన్నది అంగుళాలు కాదు, సెంటీమీటర్లు' అని ఇటలీ ఆసామి రేపు మాట మార్చలేడు.

"ఫోను మన ఇంట్లో ఉండి దాని బుర్ర పరాయింట్లో ఉండడమేంటే?" అని సంపూర్ణమ్మ ఆనాడే అడిగింది.

"ఇప్పుడందరూ ఇదే పెట్టుకుంటున్నారండీ మామ్మగారూ," అన్నాడు కుర్రాడు.

తబిత రెండోదే కావాలంది. వారం రోజులు ట్రయల్. నచ్చితే సంతకం.

* * *

పదిన్నరకు వీధిలో బైకు ఆగింది. ఉదయభాస్కర్ భుజాన ల్యాప్‌టాప్ సంచీతో, చేతిలో కాగితాల ఫైలుతో నవ్వుతూ లోపలికి వచ్చాడు.

"నమస్కారమండి మేడమ్. ఇటువైపు పనుండి వచ్చాను. వారం దాకా ఆగడమెందుకు, సంతకాలు కూడా అయిపోతాయనీ."

తబిత అతని మొహంలోకి చూసింది. ఇతను ఎవరి మనిషి? ఎవరి మనిషీ కాని అమాయకుడా? లేక ఆ నవ్వు వెనక దొరబాబు ఉన్నాడా? అడిగిందంటే, తాము కనిపెట్టామని ఆ వైపుకు తెలిసిపోతుంది. అడగకుండా కూర్చుంటే ఒక్కొక్క నిమిషం నాగదుర్గ ఆయుష్షులోంచి పోతోంది.

"సంతకానికేముందండి," అంది. "ముందు పొద్దుటినుంచీ ఎన్ని కాల్స్ వచ్చాయో ఒకసారి చూపించండి. మా అత్తయ్యగారికి నమ్మకం కుదరట్లేదు."

"దానిదేముందండి, ఇట్టే." అతను ల్యాప్‌టాప్ తెరిచి ఇంటర్నెట్ తీగ తగిలించాడు. అతని వెనక సంపూర్ణమ్మ లేచి, ఎండ పడుతోందని గొణుక్కుంటూ వీధి తలుపు మూసి గడియ పెట్టింది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, ఒళ్ళో దారం కత్తెర పెట్టుకుంది.

తెర మీద వరసగా గీతలు పరుచుకున్నాయి. నంబరు, టైము, ఎంతసేపు మాట్లాడారు. తబిత కళ్ళు పైనుంచి కిందికి జారాయి. పన్నెండు సెకన్లు. తొమ్మిది సెకన్లు. పద్నాలుగు సెకన్లు. ఊరూరా ఏజెంటమ్మలు మిస్డ్ కాల్ ఇవ్వబోయి, ఎవరో పలికేసరికి హడలిపోయి పెట్టేసిన కాల్స్ అవి.

వాటి కింద, తొమ్మిదీ యాభై ఎనిమిదికి, ఆమెకు కంఠతా వచ్చిన నంబరు. నాగదుర్గది.

నలభై ఒక్క సెకన్లు.

"నలభై ఒకటా?" అంది తబిత. "స్వాగతం చెప్పేది పదిహేను సెకన్లే కదా. మిగతాదంతా ఏంటండి?"

"ఏదీ నొక్కకపోతే కాల్ ఆపరేటరుకు పోతుందండి. ఇదిగో, పక్కన రాసుంది చూడండి. 104 ఎత్తింది."

"మాకున్నవి మూడు ఫోన్లు. 101, 102, 103. మీరే స్టిక్కర్లు అంటించారు."

"అవునండి."

"మరి 104 ఎక్కడుంది?"

అతని నవ్వు మొదటిసారి తడబడింది. "అది... ట్రయల్ కోసం మా ఆఫీసులో పెట్టిందండి. మీకు అలవాటయ్యేదాకా ఎవరైనా తికమకపడితే మేమే ఎత్తి..."

"పొద్దున తొమ్మిదీ యాభై ఎనిమిదికి మీరు ఆఫీసులో ఉన్నారా?"

"లేదండి. నేను తొమ్మిదింటికే భీమవరం..."

"మరి ఎత్తిందెవరు బాబూ?" అంది సంపూర్ణమ్మ. మెల్లగానే అడిగింది. కత్తెర ఒకసారి తెరుచుకుని మూసుకుంది.

ఉదయభాస్కర్ గడియ పెట్టిన తలుపు వంక చూశాడు. కత్తెర వంక చూశాడు. "ఏంటండీ ఇది మామ్మగారూ... నేనేం చేశానని..."

"రికార్డింగ్ వినిపించండి," అంది తబిత.

అతను నొక్కాడు.

తేనె గొంతు స్వాగతం చెప్పింది. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, లైన్లోనే ఉండమంది. ఆ వెనక ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్న చప్పుడు. రింగు. ఇంకో రింగు. తర్వాత ఒక మగ గొంతు.

"ఆఁ... చెప్పమ్మా. లేసు హౌసే."

తబిత కుర్చీ అంచు పట్టుకుంది. మెత్తని గొంతు. నిద్రపోతున్న బిడ్డ లేస్తుందేమోనని మాట్లాడుతున్నట్టుండే గొంతు. లోవరాజు శవం దగ్గర అతని పెళ్ళాం తల నిమురుతూ 'నేనున్నానమ్మా' అన్న గొంతు.

దొరబాబు.

నాగదుర్గ పలకలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. దాని వెనక ఇంజను డగడగలు, "బళ్ళు ముందుకి! బళ్ళు ముందుకి!" అని ఎవరో అరుపు.

"తబిత గారు పక్కనే ఉన్నారు, ఇమ్మంటావా?" అంది మెత్తని గొంతు. "భయపడకమ్మా. ఎక్కడున్నావో చెప్తే బండి పంపుతాం." ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె పెట్టేసింది.

"మీ ఆఫీసు ఎక్కడండి?" అంది తబిత. జవాబు తెలిసిపోయింది. అయినా అడిగింది.

"పాలకొల్లులోనండి. దొరబాబు గారి ఐసు ఫ్యాక్టరీ మీది గది." "ఆయనే గది ఇచ్చారండి. మీ పేరు చెప్పి, ముందు వాళ్ళ దగ్గరికెళ్ళు, విదేశాలకు ఫోన్లు చేసుకునేవాళ్ళు అన్నది కూడా ఆయనేనండి. నిన్న ఫోన్లు బిగిస్తుంటే, 'నువ్వు ఊళ్ళు తిరుగుతుంటావు, ఆ నాలుగోది నా బల్ల మీద పెట్టెయ్, నేను ఎత్తుతాలేవోయ్' అన్నారు. పెద్దాయన సాయం చేస్తున్నారనుకున్నానండి. మా అమ్మ మీద ఒట్టండి మేడమ్, ఇంకేం తెలియదు."

తబిత అతని చేతుల వంక చూసింది. బల్ల అంచు మీద అవి ఆమె చేతులకంటే ఎక్కువగా వణుకుతున్నాయి. నమ్మింది. నమ్మడానికి అంతకంటే టైము లేదు.

"పోనీలెండి అత్తయ్యా," అంది, ఆవిడకు కాదు, తనకు తను ధైర్యం చెప్పుకుంటున్నట్టు. "దుర్గ నోరు విప్పలేదు. ఎక్కడుందో వాడికి తెలీదు. రత్తమ్మ ఇంట్లోనే తలుపేసుకుని ఉంటుంది. మనం సాయంత్రం..."

"ఉండదు," అంది సంపూర్ణమ్మ.

"అంటే?"

ముసలావిడ కళ్ళు ఒళ్ళో ఉన్న లేసు మీదే ఉన్నాయి. "నీ పెళ్ళికి ముందు మాట. ఇంకో లేసు కంపెనీవాడు మన కొట్లో వాడి మనిషిని గుమాస్తాగా పెట్టాడు. వాడు నేను లేనప్పుడు మిస్డ్ కాల్స్ ఎత్తి, ఏజెంటమ్మల్ని మాటల్లో పెట్టి ముక్కలన్నీ అటు మళ్ళించాడు. అప్పటినుంచి మన ఏజెంట్లందరికీ ఒకటే మాట చెప్పాను. మిస్డ్ కాల్ ఎవరైనా ఎత్తారంటే ఈ కొట్లో మనవాళ్ళు లేరని. నాగదుర్గకి అదే ఇంకో రకంగా చెప్పాను. నీతో అనలేదు, భయపడతావని."

"ఏం చెప్పారు?"

"ఎవరైనా ఎత్తితే ఇక్కడ మేం పట్టుబడినట్టు. నీ సంగతి కూడా వాళ్ళకి తెలిసిపోయినట్టు. ఇంక ఆ ఇంట్లో క్షణం ఉండొద్దు. బట్టలు సర్దుకుని పంటెక్కి ఇవతలికి వచ్చెయ్, తిన్నగా చర్చికెళ్ళి పాస్టరమ్మ గారి దగ్గర కూర్చో అన్నాను." "ప్రభువా. నేనే పంపాను దాన్ని."

తబిత కళ్ళ ముందు నర్సాపురం రేవు మెదిలింది. మనుషుల్నీ బళ్ళనీ కోళ్ళ గంపల్నీ మోసుకుంటూ గోదావరి మీద మెల్లగా వచ్చే పంటు. దాని మీద, బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఒడ్డు చేరితే చాలనుకుంటూ నిలబడ్డ మనిషి.

"మేడమ్," అన్నాడు ఉదయభాస్కర్. తెర మీద ఇంకో గీత చూపిస్తున్నాడు. "ఇదేంటో చూడండి. పదీ ఒకటికి. 104 నుంచి బయటికి. ఇదీ రికార్డయింది."

"ఆయన ఫోను కూడా రికార్డవుతుందా?"

"అన్ని ఫోన్లూ అవుతాయండి. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు."

అతను నొక్కాడు.

"బుజ్జిబాబూ."

"ఆయ్, చెప్పండి."

"ఎక్కడున్నావురా?"

"నర్సాపురం బస్టాండు కాడండి. ఇడ్లీ తింటన్నానండి."

"ప్లేటు వదిలెయ్. ఆ మనిషి అవతలి రేవులో ఉంది. పంటు ఇంజను విన్నాను. నేను పుట్టింది ఆ రేవులోనేరా, ఆ ఇంజను నాకు తెలీదా? బోటు మీద ఇద్దర్ని అవతలికి పంపు. నువ్వు ఇవతల ఉండు. నేను బయల్దేరుతున్నా."

"మరి దొరికితేనండి?"

అదే మెత్తని గొంతు. "లోవరాజుకి చెప్పినట్టే చెబుదాం."

రికార్డింగ్ ఆగిపోయింది.

పదీ నలభై నాలుగు. పాలకొల్లు నుంచి నర్సాపురం రేవుకు కారులో అరగంట పట్టదు. దొరబాబు ఎప్పుడో చేరి ఉంటాడు.

తబిత బుర్ర రెండుగా చీలింది. ఒక సగం రేవుకు పరిగెత్తమంటోంది. ఇంకో సగం ఆ గొంతును పట్టుకోమంటోంది. దొరబాబు తన నోటితో తను ఒప్పుకున్న మాట అది. కాలువగట్టున చూసిన కళ్ళు రేపు లేకపోయినా, ఆ గొంతు ఉంటుంది.

"ఈ రికార్డింగ్ ఇప్పుడెక్కడుందండి?"

"పాలకొల్లులో, మా మిషన్లోనండి."

దొరబాబు నెత్తి మీది గదిలో. ఒక్క సుత్తి దెబ్బ చాలు.

"ఇక్కడికి దించండి. ఇప్పుడే."

అతను నొక్కాడు. తెర అడుగున నీలం గీత ఒకటి పుట్టి, చీమలా పాకడం మొదలుపెట్టింది. "బ్రాడ్‌బ్యాండ్ స్లోగా ఉందండి. పది, పదిహేను నిమిషాలు..." అంటూ ఆగాడు. "మేడమ్, ఇంకో సంగతండి. ఏ రికార్డింగ్ ఎవరు తెరిచారో కూడా ఈ పేజీలో పడుతుంది. కింద ఆయన గుమాస్తా కంప్యూటర్లో కూడా ఇదే పేజీ పెట్టాను. అతను చూస్తుంటే గనక..."

"చూస్తున్నాడా?"

"చూడకపోతే బాగుండునండి."

తబిత ఇంక వినలేదు. బల్ల కిందికి వంగి న్యూస్‌పేపరు చింపి పాత ఎర్ర ఫోను బయటికి లాగింది. బూడిదరంగు డబ్బాకు తగిలించిన టెలిఫోను తీగను పీకింది.

"ఇంటర్నెట్ తీగ ముట్టుకోకండి మేడమ్! డౌన్‌లోడ్ పోతుంది!"

"తెలుసు." తీగను ఎర్ర ఫోనుకు గుచ్చి చెవి దగ్గర పెట్టుకుంది. డయల్ టోను. నిన్నటిదాకా రోజూ విన్న చప్పుడే. ఇప్పుడు వింటుంటే ఏడుపొచ్చింది. "ఇంక మిస్డ్ కాల్ వస్తే మోగుతుంది అత్తయ్యా. మీరు ఇక్కడ ఉండండి. ఉదయభాస్కర్ గారూ, మీరు ఆ కాపీ పెన్‌డ్రైవ్‌లోకి దించి చొక్కా లోపల పెట్టుకుని ఇక్కణ్ణుంచి కదలకండి. నేను రేవుకెళ్తున్నా."

"ఒక్కదానివే? పంటు దిగే జనంలో నువ్వేం చేస్తావే?"

"అరుస్తాను. దుర్గా అని అరుస్తాను. ఊరంతా చూస్తుంటే వాడేం చేస్తాడు?"

చెప్పులు వేసుకుని గడియ తీసింది. మెట్టు మీద కాలు పెట్టింది.

వెనక ఎర్ర ఫోను మోగింది.

ఒక రింగు. రెండు రింగులు. ఆగిపోయింది.

తబిత మెట్టు మీంచి వెనక్కి వచ్చింది. సంపూర్ణమ్మ వంగి ఫోను అద్దంలో నంబరు చూసింది. పెదాలు కదిలాయి. "నాగదుర్గే."

మళ్ళీ మోగింది. ఒకటి, రెండు. ఆగింది.

ఇంకొక్కటి. ఇంకొక్కటి వస్తే, వచ్చి తీసుకుపొమ్మని. బతికి ఉందని. పంటు మీదో, రేవు పక్క సందులోనో దాక్కుని, వేళ్ళు ఫోను మీద పెట్టుకుని, ఇంకా ఆలోచించగలుగుతోందని.

మూడోసారి మోగింది. ఒకటి. రెండు.

మూడు.

పద్దెనిమిది రోజుల్లో నాగదుర్గ మూడో రింగు దాకా ఎప్పుడూ రానివ్వలేదు. ఎత్తుతారేమోనన్న భయంతో రెండో రింగు మధ్యలోనే నొక్కేసే మనిషి.

నాలుగు. అయిదు. ఎర్ర ఫోను బల్ల మీద అదురుతూ మోగుతూనే ఉంది.

"ఎత్తకండి మేడమ్," అన్నాడు ఉదయభాస్కర్ గుసగుసగా.

తబిత అత్తగారి వంక చూసింది. మిస్డ్ కాల్ ఎత్తకూడదన్న కట్టుబాటు పెట్టిన మనిషి ఆవిడే. సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుని, తెరిచి, తల ఊపింది.

"ఎత్తు."

తబిత రిసీవరు ఎత్తింది. ఇంజను డగడగలాడుతోంది. నీళ్ళు దేన్నో కొడుతున్న చప్పుడు. దగ్గర్లో ఎవరో నోరు నొక్కేసినట్టు మూలుగు.

"నమస్కారమండీ," అంది మెత్తని గొంతు. "సంపూర్ణ లేసు హౌస్‌కి స్వాగతం."

తబిత రిసీవరును చెవికి అదిమిపట్టుకుంది.

"మా గుమాస్తా ఇప్పుడే ఫోను చేశాడమ్మా, మీరేదో వింటున్నారని. మంచి ఫోను ఎంచుకున్నారు. నాకూ నచ్చింది." మూలుగు దగ్గరైంది. "నాగదుర్గ కావాలంటే ఒకటి నొక్కండి. ఆ రికార్డింగ్ కావాలంటే రెండు నొక్కండి."

తెర మీద నీలం గీత సగం దాటింది.

"ఏదీ నొక్కకపోతే లైన్లోనే ఉండండమ్మా. గోదావరి చప్పుడు వినిపిస్తాను."